క్యాన్సర్ ముదిరిన అమ్మానాన్నలకు చివరి దశ చికిత్స: నిర్ణయాల్లో తోడుండటం ఎలా

స్కాన్ రిపోర్టు చూసి డాక్టరు, "ఈ మందు పని చేయడం లేదు. ఇంకో రకం కీమో ఉంది, ప్రయత్నించవచ్చు. ఆలోచించుకుని చెప్పండి" అంటారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అందరి నోటా ఒకటే మాట: చేయిద్దామా, ఆపేద్దామా? ఆ ప్రశ్నకు జవాబు దొరక్క తోబుట్టువులు ఒకరి మీద ఒకరు కోపం తెచ్చుకుంటారు. జబ్బుపడ్డ మనిషిని మాత్రం ఎవరూ అడగరు.

అసలు తేల్చుకోవాల్సింది దానికంటే ముందుంది. మిగిలిన కాలం అమ్మకు లేదా నాన్నకు దేనికోసం కావాలి? అది తెలిస్తే ఏ చికిత్స అందుకు పనికొస్తుందో, ఏది అడ్డొస్తుందో చూసుకోవచ్చు. తెలియకపోతే ఎంత పెద్ద డాక్టరు ఎంత మంచి సలహా ఇచ్చినా మన చేతికి ఆధారం దొరకదు. ఈ మార్గదర్శి అంతా ఆ పని చుట్టూనే ఉంటుంది. వాళ్లకేం కావాలో ముందే తెలుసుకోవాలి. డాక్టర్ల దగ్గర దానికోసం నిలబడాలి. ఆపద ముంచుకొచ్చిన రాత్రి కంగారులో దాన్ని వదిలేయకూడదు.

మొదటి అడుగు: జబ్బు ఎక్కడుందో నిజంగా తెలుసుకోండి

నాలుగో స్టేజ్ అనగానే అంతా అయిపోయిందని అనుకోవద్దు. హార్మోన్ల మీద ఆధారపడే కొన్ని రొమ్ము, ప్రొస్టేట్ క్యాన్సర్లలోనూ, కొన్ని ప్రత్యేకమైన జన్యుమార్పులున్న ఊపిరితిత్తుల క్యాన్సర్లలోనూ మాత్రలతోనే ఏళ్లు గడిపేవారున్నారు. వయసు మీద పడినా ఆ మందుల్లో చాలావాటిని తట్టుకోగలరు. అందుకే ముందు అడగాల్సింది: జన్యుపరీక్షలు అన్నీ అయ్యాయా? టార్గెటెడ్ మందులు (ఆ జన్యుమార్పును గురిచూసి పనిచేసేవి) గానీ ఇమ్యునోథెరపీ (శరీర రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే చికిత్స) గానీ పనికొచ్చే రకమేనా? కాదని తేలితే ఆ ఆశ దగ్గరే ఆగిపోకుండా తర్వాతి ప్రశ్నలకు వెళ్లవచ్చు.

రెండోది ఇంకా ముఖ్యమైనది. "ఈ మందుతో జబ్బు నయమవుతుందా? కాకపోతే దేనికోసం ఇస్తున్నారు?" అని సూటిగా అడగండి. అడగడానికి నోరు రాదు, నిజమే. కానీ అడగకపోతే ఏమవుతుందో అమెరికాలో 2012లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. శరీరంలో ఇతర భాగాలకు పాకిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నవారిలో, ఆ కీమో తమ జబ్బును నయం చేయలేదన్న సంగతి అర్థంకానివారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో 69 శాతం, పెద్దపేగు క్యాన్సర్‌లో 81 శాతం. అంతమంది డాక్టర్లూ అబద్ధం చెప్పి ఉండరు. చెప్పేవారు మెత్తగా చెబుతారు, వినేవారు ఆశగా వింటారు. మధ్యలో అసలు విషయం జారిపోతుంది.

"మందు పని చేసే అవకాశం 30 శాతం" అన్నారనుకోండి. పని చేయడమంటే ఏమిటో వెంటనే అడగాలి. చాలాసార్లు దానర్థం గడ్డ కొంత కుంచించుకుపోతుందని. ఎక్కువ కాలం బతుకుతారని గానీ, హాయిగా ఉంటారని గానీ కాదు. ఈ మూడూ వేర్వేరు విషయాలు, వేర్వేరుగానే అడగాలి.

ఇక కాలం సంగతి. "ఎన్నాళ్లుంటారు?" అంటే ఏ డాక్టరూ తేదీ చెప్పలేరు. "ఏళ్లలో ఆలోచించాలా, నెలల్లోనా, వారాల్లోనా?" అని అడిగితే మాత్రం చాలామంది జవాబు చెబుతారు. దానితోపాటు "అన్నీ కలిసొస్తే ఎలా ఉంటుంది, ఏదీ కలిసిరాకపోతే ఎలా ఉంటుంది, ఎక్కువమందిలో ఏం జరుగుతుంది?" అని మూడు ముక్కలుగా అడగండి. వచ్చిన జవాబును కాస్త తగ్గించి చూసుకోవడం మంచిది. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో షికాగో ప్రాంతంలో హాస్పిస్ సేవలో (జబ్బు చివరి దశలో ఉన్నవారిని బాధ లేకుండా చూసుకునే సేవ) చేరిన 468 మంది గురించి వాళ్ల డాక్టర్లను అంచనా అడిగారు. సరిగ్గా చెప్పగలిగింది 20 శాతం మంది విషయంలోనే. 63 శాతం అంచనాలు వాస్తవం కంటే ఎక్కువ కాలం చెప్పాయి. రోగితో పరిచయం పెరిగేకొద్దీ డాక్టరు అంచనా ఇంకా తప్పింది. ఎందుకో మనకు అర్థమవుతుంది, అభిమానం ఏర్పడిన మనిషి గురించి చేదు అంచనా వేయడం కష్టం.

ఇంట్లో ఉండే మీకు డాక్టరు దగ్గర లేని సమాచారం ఒకటుంది. పగటిపూట మెలకువగా ఉన్న సమయంలో ఎంతసేపు మంచం మీదో కుర్చీలోనో గడుపుతున్నారు? క్యాన్సర్ డాక్టర్లు ఈసీఓజీ అనే కొలమానం వాడతారు. 0 అంటే మామూలుగా తిరిగే మనిషి. 2 అంటే ఉద్యోగం చేసే ఓపిక లేదు గానీ తన పనులు తాను చేసుకుంటారు, పగలు సగానికి పైగా లేచే ఉంటారు. 3 అంటే సగానికి పైగా పడకకో కుర్చీకో పరిమితం. 4 అంటే పూర్తిగా మంచానికే. కీమో తట్టుకుంటారా, దానివల్ల లాభముందా అన్న లెక్కలో ఈ అంకె చాలా బరువైనది. చెకప్ రోజు అమ్మ ఓపిక కూడగట్టుకుని, మంచి చీర కట్టుకుని, "బాగానే ఉన్నానండీ" అంటుంది. మిగతా రోజులు ఎలా ఉన్నాయో మీరు రాసి తీసుకెళ్లకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు. మార్పు ఎంత వేగంగా వస్తోందో కూడా రాయండి. నెలనెలకూ తేడా కనిపిస్తుంటే మిగిలింది నెలల్లో ఉండవచ్చు. వారంవారం దిగజారుతుంటే వారాలు, రోజురోజుకూ అయితే రోజులు. ఇది స్థూలమైన లెక్కే, అయినా ఉపశమన చికిత్స చేసేవారు దీన్ని బాగా వాడతారు.

రెండో అడుగు: వాళ్లకు ఎంత తెలుసో, ఎంత తెలుసుకోవాలనుందో అడగండి

"నాన్నకు చెప్పొద్దు, తట్టుకోలేడు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ తన ఒంట్లో ఏం జరుగుతోందో మనిషికి తెలుస్తూనే ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు మాట మార్చేస్తుంటే తనూ మాట్లాడటం మానేస్తాడు. అప్పుడు భయమంతా ఒక్కడే మోయాల్సి వస్తుంది. అమెరికాలో 2008లో వెలువడిన ఒక అధ్యయనం చివరి దశ గురించి డాక్టర్లతో మాట్లాడిన క్యాన్సర్ రోగుల్లో డిప్రెషన్ ఎక్కువైందేమోనని చూసింది. ఎక్కువ కాలేదు. వాళ్లు చివరి వారంలో వెంటిలేటర్, ఐసీయూల పాలు కావడం మాత్రం తగ్గింది.

చెప్పేయడం, దాచేయడం అని రెండే దారులు లేవు. ముందు అడగాలి. టీవీ ఆపి, ఫోన్ పక్కన పెట్టి, తీరికగా కూర్చోండి.

"నాన్నా, ఈ జబ్బు గురించి నీకేం అర్థమైంది? డాక్టరుగారు ఏం చెప్పారనుకుంటున్నావు?"

ఆయన చెప్పేది పూర్తిగా వినండి. తప్పుగా చెప్పినా వెంటనే సరిదిద్దకండి. ఆ తర్వాత:

"కొంతమందికి అన్నీ వివరంగా తెలియాలనుంటుంది. కొంతమంది పైపైన తెలిస్తే చాలంటారు. నీకెలా కావాలి?"

"నాకేం చెప్పొద్దు, అంతా నువ్వే చూసుకో" అన్నారా? అదీ ఒక నిర్ణయమే, గౌరవించాలి. అయితే ఒక మాట చెప్పి ఉంచండి: "సరే నాన్నా. ఎప్పుడైనా తెలుసుకోవాలనిపిస్తే అడుగు, దాచను." కొన్నాళ్లకు ఆయనే అడగవచ్చు. అర్ధరాత్రి అడుగుతారు, బాత్రూంకి తీసుకెళ్తుంటే అడుగుతారు. "నాకిది తగ్గదు కదూ?" అని వస్తుంది ఆ ప్రశ్న. "ఛ, అలా అనకు" అని కొట్టిపారేస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. "నీకెందుకలా అనిపిస్తోంది నాన్నా?" అంటే చాలు, మిగతాది ఆయనే చెబుతారు.

దాచాలని పట్టుబట్టే తోబుట్టువుతో వాదనకు దిగొద్దు. చెబితే ఏమవుతుందని భయపడుతున్నారో అడగండి. ఎక్కువసార్లు ఆ భయం నాన్న గురించి కాదు, ఆయన ముందు తాము ఏడ్చేస్తామేమోనని. ఏడిస్తే ఏమీ కాదు.

మూడో అడుగు: వాళ్లకేం కావాలో వాళ్ల మాటల్లోనే రాసుకోండి

నా దృష్టిలో మొత్తం ప్రయాణంలో ఇంతకంటే విలువైన పని లేదు. ఒక్క కూర్చోవడంలో తేలేదీ కాదు. అలసిపోయినప్పుడు ఆపేయండి, మరో రోజు అందుకోండి. ఏం అడగాలో తోచకపోతే ఇలా మొదలుపెట్టవచ్చు:

"రాబోయే రోజుల్లో నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటమ్మా?"
"దేని గురించి ఎక్కువ భయమేస్తోంది?"
"ఇంకొంత కాలం దొరుకుతుందంటే ఎంత కష్టం పడటానికి సిద్ధం? ఏది మాత్రం వద్దనుకుంటావు?"
"ఎలాంటి స్థితిలో ఉంటే ఇక చాలు అనిపిస్తుంది?"

జవాబులు మనం ఊహించినట్టు ఉండవు. నొప్పి భరిస్తాను గానీ మత్తుగా పడి ఉండను, మనుషుల్ని గుర్తుపట్టాలి అనేవారున్నారు. నొప్పి ఒక్కటీ లేకపోతే చాలు, నిద్రలో ఉన్నా ఫర్వాలేదనేవారున్నారు. ఆస్పత్రిలోనైనా సరే, ఒక్కరోజు ఎక్కువ బతికినా బతకాలనేవారూ ఉన్నారు. ఆ కోరిక కూడా మిగతావాటంత న్యాయమైనదే. మనకు నచ్చే జవాబు వైపు వాళ్లను నెట్టకూడదు. ఒకటి మాత్రం గమనించండి. "మీకు భారం కాకూడదు, అందుకే ఆపేయండి" అంటే అది కోరిక కాకపోవచ్చు, మనమీద జాలి కావచ్చు. "మా సంగతి పక్కన పెట్టు. అది లేకపోతే ఏం కావాలంటావు?" అని మళ్లీ అడగాలి. డిప్రెషన్ కూడా ఇలాంటి మాటలే మాట్లాడిస్తుంది, దానికి చికిత్స ఉంది. అనుమానముంటే డాక్టరుకు చెప్పండి.

విన్నది తేదీ వేసి వాళ్ల మాటల్లోనే రాయండి. మనసు మారితే మార్చి రాయండి, మారడం సహజం.

తాను మాట్లాడలేని స్థితి వస్తే తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా ఇప్పుడే అమ్మో నాన్నో చెప్పాలి. పెద్దకొడుకే కానక్కర్లేదు. ఒత్తిడిలో తడబడకుండా, తన ఇష్టాన్ని పక్కనపెట్టి వాళ్ల ఇష్టం చెప్పగలిగినవారు కావాలి. ముందస్తు వైద్య నిర్దేశాలకు (ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టడానికి), ప్రతినిధిని నియమించడానికి ఏ పత్రం చెల్లుతుంది, సాక్షులు ఎవరుండాలి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీరున్నచోట నియమం ఏమిటో ఆస్పత్రిలోని సోషల్ వర్కర్‌ను గానీ లాయర్‌ను గానీ అడిగి, వాళ్ల చేతికి సంతకం పెట్టే ఓపిక ఉండగానే పూర్తి చేయండి. కాపీలు డాక్టరు ఫైల్లో ఒకటి, ఇంట్లో వెంటనే దొరికేచోట ఒకటి, ప్రతినిధి ఫోన్లో ఒకటి ఉండాలి. బీరువాలో తాళం వేసి పెట్టిన పత్రం అవసరమైన రాత్రి పనికిరాదు.

నాలుగో అడుగు: ప్రతి చికిత్సనూ వాళ్ల కోరికతో సరిచూడండి

వయసు ఒక్కటే చూసి చికిత్స వద్దనడం తప్పు, వయసును పట్టించుకోకుండా చేయడమూ తప్పే. చూడాల్సింది శరీరం తీరు: నడక, జ్ఞాపకశక్తి, బరువు, కిడ్నీలు, ఇప్పటికే వాడుతున్న మందులు. వీటన్నిటినీ కలిపి చూసే వృద్ధుల సమగ్ర పరీక్ష ఒకటుంది, క్యాన్సర్ డాక్టరును (ఆంకాలజిస్టును) అడగండి. 2021లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 70 ఏళ్లు పైబడినవారికి ఈ పరీక్ష చేసి, ఫలితాలను డాక్టర్ల చేతికి ఇచ్చారు. వాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు 51 శాతానికి వచ్చాయి, పరీక్ష ఫలితాలు అందనివారిలో 71 శాతానికి. ఆరు నెలల దగ్గర చూస్తే బతికున్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే చాలామందికి మొదటే డోసు తగ్గించినా నష్టం జరగలేదు.

కొత్త చికిత్స ఏది చెప్పినా డాక్టరుగారిని ఇవి అడగండి. చేయిస్తే ఎక్కువమందికి ఏం దక్కుతుంది? పని చేస్తోందో లేదో ఎన్నాళ్లలో తెలుస్తుంది? చేయించకపోతే ఏమవుతుంది? నాలుగోది ఎవరూ అడగరు, దాన్ని నేను గట్టిగా చెబుతాను: దీనికోసం ఎన్ని రోజులు ఆస్పత్రిలో పోతాయి? రక్తపరీక్షలు, ఎక్కించే రోజు, ఆ తర్వాత లేవలేని రోజులు, జ్వరమొచ్చి అడ్మిట్ అయ్యే రోజులు అన్నీ కలిపి లెక్కేయండి. ఒక నెల కాలం పెరిగి, అందులో మూడు వారాలు ఆస్పత్రి పడక మీదే గడిస్తే దాన్ని లాభమనాలో కాదో అమ్మే చెప్పాలి.

"మీ అమ్మగారైతే ఏం చేస్తారు?" అని డాక్టర్లను అడుగుతుంటాం. వాళ్ల అమ్మ కోరికలు వేరు కాబట్టి ఆ జవాబు మనకు సరిపోకపోవచ్చు. "మా అమ్మకు స్పృహతో, ఇంట్లో ఉండటం ముఖ్యం. ఈ మనిషికి మీరేం చేస్తారు?" అనండి. డాక్టరు సలహా ఒక్కసారిగా స్పష్టమవుతుంది.

తేలనప్పుడు గడువు పెట్టి ప్రయత్నించడం మంచి దారి. "రెండు సైకిల్స్ (విడతలు) ఇద్దాం, తర్వాత స్కాన్ చేద్దాం. గడ్డ పెరిగినా, మంచం దిగలేకపోయినా ఆపేద్దాం" అని మొదలుపెట్టే ముందే డాక్టరుతో, అమ్మతో ఒప్పుకోండి. ఎక్కడ ఆగాలో ముందే రాసి ఉంటే ఆపిన రోజు ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపరు. ఇంకో విషయం గుర్తుంచుకోండి. చివరి నెలల్లో కీమో తీసుకోవడంపై 2015లో వెలువడిన ఒక అధ్యయనం, బాగా నీరసించినవారికి దానివల్ల మేలేమీ జరగలేదని చూపింది. అప్పటికి ఓపికగా ఉన్నవారిలోనైతే చివరి వారం మరింత కష్టంగా గడిచింది. కాబట్టి "ఇంకా ఓపిక ఉంది కదా, పోయేదేముంది" అన్న మాట అన్నిసార్లూ నిజం కాదు.

రెండో అభిప్రాయం తీసుకోండి, ఒక్కసారి, పూర్తి రిపోర్టులతో. నచ్చిన జవాబు దొరికేదాకా తిరుగుతూ ఉంటే వాళ్ల ఓపికే ఖర్చవుతుంది. ఎవరో చెప్పిన పసరు, పొడి, కషాయం వాడాలనుకుంటే అదీ డాక్టరుకు చెప్పే వాడండి. వాటిలో కొన్ని కీమో మందులతో పడవు, కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి.

ఐదో అడుగు: ఉపశమన చికిత్సను చివరిదాకా వాయిదా వేయకండి, ఇప్పుడే పిలవండి

ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్ అనగానే "అంటే ఇక వదిలేసినట్టేనా?" అని గుండె గుభేలుమంటుంది. కాదు. కీమో నడుస్తుండగానే నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం చూసుకునే వైద్యం అది. మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి వారి అధ్యయనం 2010లో వెలువడింది. పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడిన వెంటనే 151 మందిలో సగం మందికి మామూలు చికిత్సతోపాటు ఉపశమన చికిత్స కూడా ఇచ్చారు. వాళ్లకు డిప్రెషన్ తక్కువ. చివర్లో దూకుడు చికిత్సలూ తక్కువే. అయినా వాళ్ల మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకంటే ఎక్కువ బతికిన కాలం) 11.6 నెలలు, మిగతావారిది 8.9 నెలలు.

నొప్పి గురించి భయం వద్దు. నొప్పి మీద మొహమాటం కూడా వద్దు. "ఓర్చుకోగలను" అని వాళ్లంటే, సున్నా నుంచి పదిదాకా ఎంతో చెప్పమనండి. మార్ఫిన్ ఇస్తే అలవాటైపోతుందని, త్వరగా పోతారని చాలామంది భయపడతారు. నొప్పికి తగ్గట్టు, కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. క్యాన్సర్ నొప్పికి వాడేవారు దానికి బానిసలు కావడం అరుదు. త్వరగా పనిచేసే రకాన్ని సాధారణంగా నాలుగు గంటలకొకసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా, వేళ ప్రకారం ఇస్తారు. మధ్యలో హఠాత్తుగా వచ్చే నొప్పికి విడిగా ఒక డోసు రాయించుకోండి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, అందుకని విరేచనం మందు మొదటి రోజు నుంచే ఉండాలి. కిడ్నీలు బలహీనమైతే మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది. విపరీతమైన మత్తు, చేతులు కాళ్లు ఉలిక్కిపడినట్టు కదలడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, మందు మారుస్తారు. ఫెంటనైల్ ప్యాచ్ (చర్మం మీద అంటించే నొప్పి మందు) వాడుతుంటే దాని మీద వేడి కాపడం పెట్టొద్దు, మందు ఒక్కసారిగా ఎక్కువ లోపలికి వెళ్తుంది.

ఎముకకు పాకి నొప్పి పెడుతుంటే రేడియేషన్ గురించి అడగండి. ఎన్నో రోజులు తిరగనవసరం లేకుండా, 8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) ఒక్కసారి ఇచ్చినా నొప్పి తగ్గించడంలో పలుమార్లు ఇచ్చినదానికి దాదాపు సమానంగా పనిచేస్తుంది. ఆయాసానికి ముఖం మీదికి వచ్చేలా చిన్న ఫ్యాన్, తక్కువ డోసు మార్ఫిన్ సాయపడతాయి. రక్తంలో ఆక్సిజన్ తగ్గనివారికి ఆక్సిజన్ పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

కొన్నిటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. కొత్తగా నడుంనొప్పి వచ్చి, కాళ్లలో పట్టు తగ్గి, మూత్రం ఆగిపోతే వెన్నుపాము నొక్కుకుపోతుండవచ్చు. అదే రోజు వైద్యం అందకపోతే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు. ఉన్నట్టుండి అయోమయం, విపరీతమైన దాహం, మలబద్ధకం కలిసి వస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండవచ్చు. అదీ చాలావరకు సరిచేయదగినదే. క్యాన్సర్ చికిత్స ఆపాలనుకున్నా ఇలాంటివాటికి వైద్యం చేయించడంలో తప్పు లేదు.

ఆరో అడుగు: ఐసీయూ, వెంటిలేటర్, సీపీఆర్ సంగతి పగటిపూటే తేల్చండి

రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ గదిలో కొత్త డాక్టరు, "అన్నీ చేయమంటారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు కాదనే ధైర్యం ఏ కొడుక్కీ కూతురికీ ఉండదు. చేయవద్దంటే అమ్మను చంపుకున్నట్టే అనిపిస్తుంది. అందుకే ఈ మాట పగటిపూట, తెలిసిన డాక్టరు దగ్గర, ఒక్కొక్కటిగా విడదీసి మాట్లాడాలి.

సీపీఆర్ అంటే ఆగిన గుండెను ఛాతీ మీద బలంగా నొక్కి, షాక్ ఇచ్చి మళ్లీ కొట్టించే ప్రయత్నం. గుండెపోటుతో కూలిపోయిన ఆరోగ్యవంతుడి విషయంలో అది ప్రాణం నిలబెట్టవచ్చు. క్యాన్సర్‌తో శరీరమంతా క్షీణించాక గుండె ఆగితే దాన్ని తిరిగి కొట్టించినా అసలు కారణం అలాగే ఉంటుంది. పక్కటెముకలు విరగవచ్చు, బతికి ఇంటికి వచ్చేవారు చాలా తక్కువ. సీపీఆర్ వద్దని రాయించడమంటే వైద్యం వద్దని కాదు. నొప్పి మందు, యాంటీబయాటిక్, రక్తం ఎక్కించడం లాంటివి అవసరాన్ని బట్టి నడుస్తూనే ఉంటాయి. ఈ తేడా ఆస్పత్రి సిబ్బందిలో కూడా అందరికీ స్పష్టంగా ఉండదు, కాబట్టి ఏది కావాలో కాగితం మీద విడివిడిగా రాయించండి.

వెంటిలేటర్ విషయంలో అడగాల్సింది: దేనివల్ల ఊపిరి ఆడటం లేదు, ఆ కారణం తగ్గేదేనా? కొత్తగా సోకిన న్యుమోనియా అయితే కొన్ని రోజుల గడువుతో ప్రయత్నించడంలో అర్థముండవచ్చు. ఊపిరితిత్తుల నిండా క్యాన్సరే అయితే గొట్టం వేశాక తీసే రోజు రాకపోవచ్చు. గొట్టం ఉన్నంతసేపూ మాట ఉండదు, చివరి మాటలు మిగిలిపోతాయి. ఫలితం లేని చికిత్సను మొదలుపెట్టకపోవడమూ, మొదలుపెట్టాక ఆపడమూ వైద్యనీతి దృష్టిలో ఒకటే. రెంటిలోనూ ప్రాణం తీసేది జబ్బే.

అన్నిటికంటే మనసును మెలిపెట్టేది తిండి. నాన్న ముద్ద తినడం మానేస్తే "ఆకలితో చంపుతున్నామా?" అనిపిస్తుంది. క్యాన్సర్ ముదిరాక శరీరం ఆహారాన్ని వాడుకునే తీరే మారిపోతుంది. బలవంతంగా పెట్టినా కండ పట్టదు, పైగా వాంతులు, పొరబోవడం, కడుపుబ్బరం వస్తాయి. తినకపోవడం వల్ల పోవడం లేదు, జబ్బు చివరికి వచ్చినందువల్ల తినలేకపోతున్నారు. సెలైన్ మీదా ఇదే ఆశ పెట్టుకుంటాం. 2013లో వెలువడిన అమెరికన్ అధ్యయనంలో హాస్పిస్‌లోని క్యాన్సర్ రోగులు కొందరికి రోజుకు లీటరు, కొందరికి నామమాత్రంగా 100 మిల్లీలీటర్లు ఎక్కించారు. లక్షణాల్లోనూ, బతికిన కాలంలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్కువైన నీరు కాళ్లలోనూ ఊపిరితిత్తుల్లోనూ చేరి ఇబ్బంది పెట్టవచ్చు. దాహం అనిపించేది ఎక్కువగా నోరు ఎండటం వల్ల. తడి గుడ్డతో పెదాలు తుడవడం, చెంచాతో చుక్కచుక్క నీళ్లు, వాళ్లకిష్టమైనది నాలుక మీద రుచికి కాస్త, ఇవి చేయండి. తినిపించాలన్న మన చేతుల తపనకు కూడా అదొక పని.

ఏడో అడుగు: చికిత్స ఆపాక చేయాల్సిన ఏర్పాట్లు

ఇంట్లోనా, హాస్పిస్‌లోనా, ఆస్పత్రిలోనా అన్నది వాళ్ల కోరికతోపాటు మీ ఓపికను కూడా చూసి తేల్చండి. ఇంట్లో ఉంచలేకపోతే అది ప్రేమ తక్కువై కాదు. ఇంట్లోనే అనుకుంటే నొప్పికి, ఆయాసానికి, వాంతులకు, కలతకు వాడే మందులు ముందే తెచ్చి ఉంచాలి. ఏది ఎప్పుడు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకోవాలి. మింగలేని రోజు వస్తే మందు ఏ రూపంలో ఇవ్వాలో ఇప్పుడే అడగాలి. అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద అంటించాలి.

మాత్రల డబ్బా మొత్తం డాక్టరు ముందు పోసి, ఇక దేనికి అవసరం లేదో తీసేయించండి. కొలెస్ట్రాల్ మాత్ర పదేళ్ల తర్వాతి గుండెపోటు కోసం. చివరి దశలో దాన్ని ఆపినవారి జీవన నాణ్యత కాస్త మెరుగ్గా ఉన్నట్టు 2015లో ఒక అధ్యయనం చూపింది. గుండెలో షాక్ ఇచ్చే పరికరం అమర్చి ఉంటే దాన్ని ఆఫ్ చేయించడం గురించి తప్పక అడగండి. లేకపోతే చివరి గంటల్లో పదేపదే షాక్ కొట్టవచ్చు.

దూరంగా ఉన్న తోబుట్టువు హఠాత్తుగా వచ్చి "ఏమీ చేయకుండా ఊరుకుంటారా?" అని అందర్నీ నిలదీయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. వాళ్లు చూసింది ఆర్నెల్ల కిందటి నాన్నను. డాక్టరుతో మాట్లాడే ప్రతిసారీ వాళ్లను వీడియో కాల్‌లో కలపండి, అమ్మానాన్నల మాటలు రాసిన కాగితం పంపండి. గొడవ ఇంకా తెగకపోతే డాక్టరు సమక్షంలో అందరూ కూర్చోండి. "మనకేం కావాలి" అనకుండా "నాన్న ఇప్పుడు మాట్లాడగలిగితే ఏమంటాడు" అని మొదలుపెట్టండి.

ఎనిమిదో అడుగు: చివరి రోజులు

ఏం రాబోతోందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. రోజులో ఎక్కువసేపు నిద్ర, మింగలేకపోవడం, మూత్రం తగ్గడం, కాళ్లూ చేతులూ చల్లబడి మచ్చలుమచ్చలుగా మారడం మామూలే. ఊపిరి వేగంగా ఆడి, తర్వాత కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. వినేవారికి భయంకరంగా ఉంటుంది గానీ అప్పటికి స్పృహ తగ్గి ఉంటుంది కాబట్టి వాళ్లను అది బాధపెట్టడం లేదనే ఉపశమన వైద్యులు భావిస్తారు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గవచ్చు. లోతుగా గొట్టం పెట్టి కఫం తీయడం ఇబ్బందే పెడుతుంది. కలత, పక్కబట్టలు లాగడం, లేని మనుషులతో మాట్లాడటం కనిపిస్తే వాదించకండి, కట్టేయకండి. గదిలో చిన్న లైటు ఉంచి, తెలిసిన గొంతుతో నెమ్మదిగా మాట్లాడుతూ ఫోన్ చేయండి. మూత్రం నిండి ఉండటం, నొప్పి, మలబద్ధకం లాంటి సరిచేయదగిన కారణం ఉందేమో చూసి, లేకపోతే మందు ఇస్తారు.

పలకడం మానేసినా మాట్లాడుతూ ఉండండి. వాంకూవర్‌లో ఒక హాస్పిస్‌లో చేసిన పరిశీలనలో, పిలిస్తే పలకని స్థితిలో ఉన్న కొందరి మెదడు కూడా శబ్దాలకు స్పందించిందని 2020లో పరిశోధకులు ప్రకటించారు. చెప్పాల్సినవి చెప్పండి. క్షమించమని అడగాల్సింది ఉంటే అడగండి.

సీపీఆర్ వద్దని నిర్ణయించుకుని ఉంటే, ఊపిరి ఆగిన క్షణంలో కంగారుపడి అంబులెన్స్‌కు ఫోన్ చేయకండి. వచ్చినవాళ్లు తమ నియమం ప్రకారం ఛాతీ నొక్కడం మొదలుపెట్టవచ్చు. ఎవరికి ఫోన్ చేయాలో, మరణ ధ్రువీకరణ ఎవరిస్తారో ముందే కనుక్కుని గోడ మీది కాగితంలో రాసి ఉంచండి. మిగిలిన మార్ఫిన్, ప్యాచ్‌లు పిల్లల చేతికి అందకుండా తీసి, మందులిచ్చినచోటే తిరిగి అప్పగించండి.

తర్వాత కొన్నాళ్లపాటు "అప్పుడు ఒప్పుకుని ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో" అన్న ఆలోచన వదలకపోవచ్చు. అమ్మ మాటలు రాసుకున్న కాగితం మళ్లీ చదవండి. అయినా నిద్ర పట్టకపోతే, వైద్యం చేసిన డాక్టరు దగ్గర సమయం అడిగి, రిపోర్టులతో ఒకసారి కూర్చోండి. అలా వచ్చే కుటుంబాలతో మాట్లాడటానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. నెలలు గడిచినా పనిలో మనసు నిలవక, తిండీ నిద్రా దారిన పడకపోతే కౌన్సెలర్‌ను కలవండి. ఇన్నాళ్లూ రాత్రింబవళ్లు దగ్గరుండి చూసుకున్న తోబుట్టువును కూడా వెంట తీసుకెళ్లండి.